హిస్సా ఉన్నవాళ్ళకు హిసాబ్

గత రంజాన్‌లో ఒక సాయంత్రం. ఇఫ్తార్ అయింది, గుణదలలోని మా ఇంట్లో దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తలేదు. మా ఆపా కూతురు బీకాం పూర్తిచేసి ఒక ఆడిటర్ దగ్గర పని నేర్చుకుంటోంది. ఖర్జూరం గింజ పళ్ళెం అంచున పెడుతూ ఉన్నట్టుండి అడిగింది: "మామూ, నానాజాన్ షెడ్డులో అమ్మీ హిస్సా ఎంత?"

షెడ్డు అంటే ఆటోనగర్‌లో మర్‌హూమ్ అబ్బా పెట్టిన లారీ బాడీ షెడ్డు. అబ్బా ఇంతెఖాల్ అయి పదేళ్ళు దాటింది. హిస్సాలు అప్పుడే తేలాయి. మొత్తాన్ని 40 భాగాలు చేస్తే అమ్మీకి 5, నాకూ తమ్ముడికీ తలా 14, ఆపాకు 7. విడగొట్టి ఎవరిది వాళ్ళ చేతికి ఇవ్వలేదు. షెడ్డు ముక్కలైతే ఎవరికీ ఏమీ మిగలదని కలిపే ఉంచాం. నడిపేది నేను. ప్రతి ఈద్‌కీ ఆపాకు ఒక కవరు ఇస్తాను. అందులో ఎంత పెట్టాలో నిర్ణయించేదీ నేనే.

"ఏడు భాగాలు" అన్నాను.

"ఏడు సరే మామూ, దేంట్లో ఏడు? పోయినేడు మునాఫా ఎంత?"

నాకు కోపం వచ్చింది. ఖాందాన్‌లో హిసాబ్ అడుగుతారా, మీ నానాజాన్ ఉండగా ఎవరైనా అడిగారా అన్నాను. ఆపా కూతుర్ని కసిరింది. అమ్మీ తస్బీహ్ తిప్పుతూ ఏమీ అనలేదు. ఆ రాత్రి సహ్రీ దాకా నిద్ర పట్టలేదు. పిల్ల అడిగింది తప్పని నాకు అనిపించలేదు. జవాబు నా దగ్గర లేదు, బాధ అదే. మునాఫా ఎంతో నాకే సరిగ్గా తెలియదు.

చరిత్ర పుస్తకాలు తిరగేసే అలవాటు నాకు మొదట్నుంచీ ఉంది. ఈ ప్రశ్న పట్టుకుని మళ్ళీ వాటిలో పడ్డాను. మొదట వెళ్ళింది ఎక్కడికో కాదు, ఇక్కడికి 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న మన బందరుకే.

గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. ఇరానీ తాజిర్లు, అరబ్బులు, మన కోమట్లు, అద్దకం బట్టలు చేసేవాళ్ళు, అందరి బతుకూ ఆ రేవు మీదే. జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా అని ఈనాటికీ తెలుగువాళ్ళు మతంతో పని లేకుండా వాడే మాటలు ఆ జమానా కచేరీల భాష నుంచి వచ్చినవే. అక్కడికి డచ్చివాళ్ళ ఓడ 1605లో వచ్చింది, మరుసటి ఏడు కొఠీ పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. డచ్చి కంపెనీ మామూలు కంపెనీ కాదు. 1602లో మొదలైనప్పుడు దాని పెట్టుబడి సుమారు 64 లక్షల గిల్డర్లు. ఎవరైనా వచ్చి హిస్సా రాయించుకోవచ్చన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే వెయ్యి మందికి పైగా రాయించుకున్నారు. చందా పుస్తకం పెట్టిన ఇల్లు డిర్క్ వాన్ ఓస్ అనే డైరెక్టరుది. ఆయన ఇంట్లో పనిచేసే నేల్‌ట్‌ఖెన్ కార్నెలిస్ అనే ఆవిడ కూడా తన కూలి డబ్బుల్లోంచి 100 గిల్డర్లు రాయించింది. నాలుగు వందల ఏళ్ళ కింద ఒక పనిమనిషి దునియాలోనే అతి పెద్ద కంపెనీలో షరీక్ అయిందంటే ముచ్చటగానే ఉంటుంది.

కానీ నడిపేది పదిహేడు మంది. పదేళ్ళకు ఒకసారి హిసాబ్ అందరి ముందూ పెడతామని చార్టర్‌లో రాసుకున్నారు. 1612 వచ్చింది, పెట్టలేదు. 1610లో మొదటిసారి మునాఫా పంచారు, నగదుగా కాదు, జాపత్రి రూపంలో! బిర్యానీలో వేసే ఆ జాపత్రే. దాన్ని తీసుకుని ఎక్కడ అమ్ముకోవాలో హిస్సాదార్లకు తెలియదు. ఆ జాపత్రి దొరికే ద్వీపాల్లో మారకానికి పనికొచ్చేది మన కోరమండల్ తీరపు బట్ట. అంటే బందరు చుట్టుపక్కల మగ్గాల మీద పడిన చెమట కూడా ఆ హిసాబ్‌లో ఉంది. ఆ హిసాబే బయటికి రాలేదు. 1622 నాటికి హిస్సాదార్లు కరపత్రాలు అచ్చువేసి పంచారు. డైరెక్టర్లు కంపెనీ సరుకు తామే తమకు అమ్ముకుంటున్నారని ఇల్జామ్. ఒక కరపత్రంలో ఎంత ఎగతాళి చేశారంటే, ఖాతా పుస్తకాలకు పంది కొవ్వు పూసి కుక్కలకు తినిపించి ఉంటారు, అందుకే చూపించడం లేదు అని రాశారు. తౌబా! చార్టర్ పొడిగించే సమయంలో కొంత దిగొచ్చారు. పెద్ద హిస్సాదార్లకు లెక్కలు చూసే హక్కు కాస్త దక్కింది. చిన్నవాళ్ళకు అదీ లేదు.

ఇది చదివాక ఆపా కవరు గుర్తొచ్చింది. నేను జాపత్రి పంచుతున్నాను.

మన దేశంలో ఇంగ్లీషువాళ్ళు కంపెనీల కానూన్ తెచ్చాక కూడా చాలాకాలం మేనేజింగ్ ఏజెన్సీ అనే పద్ధతి నడిచింది. కంపెనీ ఒకటి, దాన్ని నడిపే ఏజెంట్ల ఫర్మ్ ఇంకొకటి. హిస్సాలు జనానివి, పెత్తనం ఏజెంట్లది. ఏజెంట్లు అమ్మకం మీద కమీషన్, కొనుగోలు మీద కమీషన్ తీసుకుంటూ కంపెనీ ఎండిపోయినా తాము పచ్చగా ఉండేవారు. స్వాతంత్ర్యం వచ్చిన రెండు దశాబ్దాల తర్వాత, 1970లో, దాన్ని పూర్తిగా రద్దు చేశారు. యజమాని ఒకరు, ముఖ్తియార్ ఇంకొకరు అయినప్పుడు వచ్చే ఈ చిక్కు గురించే అమెరికాలో బెర్లీ, మీన్స్ అనే ఇద్దరు 1932లో పెద్ద పుస్తకం రాశారు. వాళ్ళు చూసింది అక్కడి పెద్ద కంపెనీలను. అక్కడ హిస్సాలు లక్షల మంది చేతుల్లోకి చెదిరిపోయి, అడిగే నాథుడు లేకుండా పోయాడు. మన దగ్గర తంతు వేరు. మన కంపెనీలకు ఇప్పటికీ ఒక ఖాందాన్ ఉంటుంది.

మళ్ళీ బందరుకే వస్తాను. అక్కడ డాక్టరీ చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబర్‌లో ఆంధ్రా బ్యాంకు పెట్టాడు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. డెల్టా రైతు పంట అమ్మి తెచ్చిన డబ్బు షావుకారు పాలవకుండా ఒక చోట చేరాలని నియ్యత్. ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పెట్టాడు. కాంగ్రెస్ చరిత్రలో 1939లో సుభాష్ బోసు చేతిలో ఓడిన అభ్యర్థిగానే చాలామందికి ఈయన తెలుసు. నాకైతే బ్యాంకు పెట్టిన పట్టాభే ఎక్కువ ముఖ్యం. ఊళ్ళో నలుగురికీ తెలిసిన మనిషి, నలుగురి డబ్బు. భరోసాకు పునాది ముఖపరిచయం. బ్యాంకు మద్రాసు, హైదరాబాదు దాకా పెరిగినకొద్దీ ముఖపరిచయం చాలదు, కాగజ్ మీద హిసాబ్ కావాలి. 1980 ఏప్రిల్‌లో దాన్ని జాతీయం చేశారు, మాలిక్ ఢిల్లీ సర్కార్ అయింది. 2001లో మళ్ళీ కొన్ని షేర్లు జనానికి అమ్మారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్ల చొప్పున. పేరు పోతుందని మన జిల్లాల్లో చాలామంది బాధపడ్డారు. కానీ మెజారిటీ హిస్సా సర్కార్‌ది. సర్కార్ అనుకుంది, అయిపోయింది. చిన్న హిస్సాదారు ఇష్టాయిష్టాల బరువు అక్కడ ఎంతో అప్పుడు తేటగా కనబడింది.

ఇక హిసాబ్ పేరెత్తితే తెలుగువాళ్ళెవరూ దాటిపోలేని కిస్సా సత్యం కంప్యూటర్స్‌ది. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. మన ఇళ్ళల్లో దీన్ని "రాజు గారు మోసం చేశారు" అన్న ఒక్క ముక్కతో వదిలేస్తారు. ఆ ఒక్క ముక్కతో ఏమీ అర్థం కాదు.

1987లో హైదరాబాదులో మొదలైంది. 90ల మొదట్లో షేర్లు జనానికి అమ్మారు. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి ఎక్కింది. 2008 నాటికి 50 వేలకు పైగా ఉద్యోగులు. మన పిల్లలకు అందులో నౌకరీ వస్తే మొహల్లా అంతా మిఠాయి పంచేవాళ్ళు. బోర్డులో ఎవరున్నారు? హార్వర్డ్ ప్రొఫెసర్, కేంద్ర కేబినెట్ సెక్రటరీగా చేసినాయన, హైదరాబాదులోని పెద్ద బిజినెస్ స్కూల్ డీన్, పెంటియం చిప్ రూపకర్తల్లో ఒకరు. ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్. 2008 సెప్టెంబర్‌లో ఆ కంపెనీకి మంచి పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. ఇవ్వడానికి చూసింది కాగజే. కాగజ్ మీద అన్నీ ఉన్నాయి.

కాగజ్ మీద కనబడనిది హిస్సాల కథ. 2001లో ప్రమోటర్ల చేతిలో 25 శాతం పైగా షేర్లు ఉండేవి. ఏడేడూ కరిగి 2008కల్లా 9 శాతం లోపుకొచ్చాయి. మిగిలిన ఆ కాస్తలో కూడా దాదాపు అంతా అప్పుల కోసం తాకట్టులో ఉంది. అంటే కంపెనీ మీద పెత్తనం పూర్తిగా ఉంది, సొంత సొమ్ము మాత్రం దాంట్లో పెద్దగా లేదు. నిజం చెబితే షేరు పడిపోతుంది. షేరు పడితే అప్పిచ్చినవాళ్ళు తాకట్టు షేర్లు అమ్మేస్తారు. ఇంకెవరో వచ్చి కంపెనీని కొంటారు, కొన్నవాడు తిజోరీ తెరిచి చూస్తాడు. రామలింగరాజు 2009 జనవరి 7న బోర్డుకు రాసిన ఉత్తరంలో ఈ మాటే ఒప్పుకున్నాడు. ప్రమోటర్ల హిస్సా తక్కువ కాబట్టి ఫలితాలు బాగోకపోతే కంపెనీ చేతులు మారి గుట్టు బయటపడుతుందని భయపడ్డామని. ఉత్తరంలో పులి మీద సవారీ గురించి రాసిన వాక్యమే అందరికీ గుర్తుండిపోయింది. నా దృష్టిలో అసలైన వాక్యం ఈ హిస్సా గురించినది.

ఆ ఉత్తరంలోని అంకెలు చూడండి. 2008 సెప్టెంబర్ చివరి నాటి ఖాతాల్లో నగదు, బ్యాంకు డిపాజిట్లు 5,361 కోట్లు అని రాశారు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ డిపాజిట్ల మీద రావలసిన వడ్డీ 376 కోట్లు అని రాశారు, అదీ లేదు. లేని రఖమ్ మీద లేని సూద్! ఇవ్వాల్సిన 1,230 కోట్ల బాకీ రాయలేదు. రావలసింది 490 కోట్లు ఎక్కువ చేసి రాశారు. ఆ మూడు నెలల ఆమ్‌దనీ 2,700 కోట్లని చూపారు, నిజానికి 2,112 కోట్లు. వ్యాపారంలో మిగులు 24 శాతం అన్నారు, వాస్తవం 3 శాతం.

ఇక్కడ మనం గమనించాల్సిందొకటి ఉంది. 3 శాతం మిగులున్న కంపెనీ చెడ్డ కంపెనీ ఏమీ కాదు. 50 వేల మందికి జీతాలిస్తూ, నిజమైన పని చేస్తూ, కాస్త మిగుల్చుకుంటోంది. దాన్ని ముంచింది నుక్సాన్ కాదు. మొదట్లో అసలుకూ చూపినదానికీ మధ్య ఉన్న చిన్న తేడా. ఒక త్రైమాసికంలో కాస్త పెంచి రాస్తే వచ్చేసారి దాని మీద ఇంకాస్త పెంచాలి. సీబీఐ లెక్క ప్రకారం నకిలీ ఇన్వాయిస్‌లు ఏడు వేల పైచిలుకు.

ఆ కన్నం పూడ్చడానికి చివరి ప్రయత్నం మేటాస్ వ్యవహారం. మేటాస్ అంటే సత్యాన్ని ఇంగ్లీషులో తిరగేసి రాస్తే వచ్చే పేరే. అవి అదే ఖాందాన్ కంపెనీలు, చేతిలో భూములున్నవి. 2008 డిసెంబర్ 16న సత్యం డబ్బు 160 కోట్ల డాలర్లతో ఆ రెండింటినీ కొంటామని బోర్డు తీర్మానించింది. అంటే లేని డబ్బుతో తమవాళ్ళ భూములు కొని, ఖాతాలో డబ్బు ఉన్నచోట భూమి ఉన్నట్టు చూపించాలని. ఘనమైన ఆ బోర్డు సరే అంది. కాదన్నది ఎవరు? హిస్సాదార్లు. సత్యం షేర్లలో ఎక్కువ భాగం దేశ, విదేశాల పెద్ద ఫండ్లవి. "మా డబ్బుతో మీ కొడుకుల కంపెనీలు కొంటారా" అని వాళ్ళు గోల చేసేసరికి న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా కుప్పకూలింది. గంటల్లోనే తీర్మానం వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకు ఉత్తరం. ఆ ఒక్క రోజులో ముంబైలో షేరు 180 రూపాయల దగ్గర్నుంచి 40కి పడింది.

అందుకే నాకు ఒక మాట మీద గట్టి నమ్మకం కుదిరింది. కుర్చీలో ఎంత పెద్ద పేరున్న మనిషిని కూర్చోబెట్టారన్నది కాదు. అడిగితే తనకేమైనా నష్టమా, అడక్కపోతే తన జేబుకు చిల్లా అన్నదే ఆ మనిషిని కదిలిస్తుంది. బోర్డులోని పెద్దమనుషులకు ఫీజు వచ్చేది, జేబుకు చిల్లు లేదు. ఫండ్లకు ఉంది, అరిచాయి. కానీ వాళ్ళకూ తాకట్టు సంగతి తెలియదు. అప్పట్లో ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెడితే బయటికి చెప్పాలన్న నియమమే లేదు. 2009 జనవరిలోనే సెబీ ఆ నియమం తెచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు కదా, ఇక్కడ కనీసం అదే నెలలో మొరిగాయి.

కేంద్రం బోర్డును రద్దుచేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ వంటివాళ్ళతో కొత్త బోర్డు వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వేలంలో గెలిచింది. ఉద్యోగులు చాలామంది నిలబడ్డారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రామలింగరాజుకూ మరి తొమ్మిది మందికీ ఏడేళ్ళ శిక్ష వేసింది. మరుసటి నెలలోనే అప్పీలు మీద బెయిలు దొరికింది. 2013 కంపెనీల చట్టంలో సత్యం నీడ చాలాచోట్ల కనబడుతుంది. పెద్ద కంపెనీలు ఒకే ఆడిట్ ఫర్మ్‌ను పదేళ్ళకు మించి ఉంచకూడదు. బోర్డులో ఒక్క మహిళైనా ఉండాలి. సొంతవాళ్ళతో పెద్ద లావాదేవీ జరిగితే, దాంట్లో స్వార్థం ఉన్నవాళ్ళు ఆ తీర్మానం మీద ఓటు వేయకూడదు. ఈ చివరిది చదివినప్పుడు నా చెంప మీద ఎవరో చిన్నగా తట్టినట్టయింది. ఎందుకో తర్వాత చెబుతాను.

సర్కార్ మాలిక్ అయితే అన్నీ బాగుంటాయా అని తమ్ముడు వాదించాడు. మా ఇంటికి దగ్గర్లోనే విద్యుత్ సౌధ ఉంది, ట్రాన్స్‌కో, జెన్‌కో రెండిటి పెద్ద దఫ్తర్. 1999 ఫిబ్రవరి 1న పాత విద్యుత్ బోర్డును చీల్చి చేసిన కంపెనీలు ఇవి. షేర్లన్నీ సర్కార్‌వే, స్టాక్ మార్కెట్‌లో లేవు. మరి అడిగేదెవరు? అదే ఏడు విద్యుత్ నియంత్రణ మండలి వచ్చింది. పంపిణీ సంస్థలు రాబోయే ఏడు ఎంత ఖర్చవుతుంది, ఎంత వసూలవుతుంది అని మండలి ముందు లెక్క పెట్టాలి. దాన్ని జనానికి అందుబాటులో ఉంచాలి. బహిరంగ విచారణలో ఏ రైతైనా లేచి, ఈ పద్దు ఎందుకు ఇంత ఉంది అని అడగొచ్చు. చార్జీలు తగ్గుతాయని కాదు. తగ్గవు. కానీ షేరు లేకపోయినా బిల్లు కట్టేవాడికి అడిగే హక్కుంది. మా ఆపాకు షెడ్డులో 7 భాగాలుండీ అది లేదు.

ఈద్ దాటిన రెండో వారం భాంజీని పిలిచాను. షెడ్డులోని చిట్టాలు, రేకుల బిల్లులు, వెల్డింగ్ వాళ్ళ కూలీ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ ముందు పడేశాను. మూడు ఆదివారాలు కూర్చుంది. మధ్యలో నన్ను చాలా అడిగింది. కొన్నిటికి నాకు జవాబు గుర్తులేదు, గుర్తులేదనే రాసుకుంది. ఆఖరికి రెండు పేజీల హిసాబ్ తయారైంది. అమ్మీ, ఆపా, తమ్ముడు, ముగ్గురికీ తలా ఒక కాపీ. ఆపా కళ్ళజోడు పెట్టుకుని వేలితో వరస వెంట వెళ్తూ చదివింది. పదేళ్ళలో మొదటిసారి తను ఆ షెడ్డు గురించి ఏదైనా చదవడం. ఒక చోట వేలు ఆగింది.

"ఇతర ఖర్చులంటే ఏంటి?"

భాంజీ నా వైపు చూసింది. అందులో మా వాడి మోటార్‌సైకిల్ వాయిదాలున్నాయి, నెలనెలా, రెండేళ్ళుగా. షెడ్డు పనికే తిరుగుతాడు కదా అని నేనే అలా రాయించాను. ఆపా ఏమీ అనలేదు. కాగితం మీద నుంచి వేలు మాత్రం తీయలేదు. నేను కలం తీసుకుని ఆ పద్దు కొట్టేసి, మొత్తం నా పేరు కింద బాకీగా రాసి, పక్కన దస్తఖత్ చేశాను.

"ఇది మిగతా రెండు కాపీల్లో కూడా రాయాలి మామూ" అంది భాంజీ.